ఫజర్ వేళ షహర్: ఎవరు నడుస్తున్నారు, ఎవరు రాస్తున్నారు?

పాతబస్తీ గురించి తెలుగులో వచ్చిన రాతలన్నీ ఒకచోట పోసి చూస్తే, వాటిలో ఎప్పుడూ సాయంత్రమే కనిపిస్తుంది. దీపాలు వెలిగిన చార్మినార్, రంజాన్ రాత్రి లాడ్ బజార్, గాజుల మెరుపు, హలీం బట్టీల పొగ, ఇరానీ చాయ్. అది కాదంటే అర్ధరాత్రి: కర్ఫ్యూ, కత్తి, సైరన్. పండగకీ కల్లోలానికీ మధ్య ఈ షహర్‌కి మరో పూట ఉందని, అది రోజూ వస్తుందని ఈ రాతలకి గుర్తుండదు. ఫజర్ అజాన్ అయ్యాక, షట్టర్లు లేవకముందు ఉండే ఆ గంటన్నరలో షహర్ ఎవరికోసమూ ముస్తాబై ఉండదు. ఎవరు ఇక్కడ బతుకుతున్నారో, ఏ పనికి పోతున్నారో, ఏ నల్లా దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారో ఆ వేళ దాచినా దాగదు.

సొంత ఊరిని తెల్లవారుజామున కాలినడకన చూడటం మామూలుగా చిన్న సంగతే. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మా విషయంలో అది చిన్న సంగతి కాదు. ఆ వేళ ఆ గల్లీల్లో ఎవరు నడిస్తే వారసత్వ యాత్ర అవుతుందో, ఎవరు నడిస్తే అనుమానాస్పద సంచారం అవుతుందో ముందే తేలిపోయి ఉంది. ఈ షహర్‌లోనే పుట్టి పెరిగి, తెలుగులో రాస్తున్న ముస్లింలుగా మేము ఆ తేడా గురించి మాట్లాడదలచుకున్నాం. మా గల్లీల గురించి ఇప్పటిదాకా వచ్చిన చూపుల్ని కొంచెం తూచి చూడదలచుకున్నాం.

మొదట బాటసారి చూపు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్ మీదుగా వెళ్లాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో మా షహర్ ఉంది. ఆయన మా మనిషి కాడు, మా మతం వాడు కాడు, ఇక్కడ ఉండిపోవడానికి వచ్చినవాడూ కాడు. అయినా ఆయన పద్ధతి మాకు గౌరవించదగ్గదిగానే తోస్తుంది. ప్రతి మజిలీలోనూ నీళ్లెక్కడ, నీడెక్కడ, సామాన్లు దొరుకుతాయా, దారి ఎలాంటిది, సుంకం ఎవరికి కట్టాలి అని చూసుకుంటూ పోయాడు. బతకడానికి ఏం కావాలో అవే ఆయన అడిగిన ప్రశ్నలు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లలో షహర్ గురించి రాసినవాళ్లలో ఎంతమంది ఆ ప్రశ్నలు అడిగారు? పత్తర్‌గట్టీ కమాన్ల నునుపు గురించి రాశారు. ఆ కమాన్ల కింద తోపుడుబండి పెట్టుకున్నవాడికి తాగేనీళ్లు ఎక్కడ దొరుకుతాయో రాయలేదు.

రెండోది నవాబీ చూపు. ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ దీనికి కొదవ లేదు, అనువాదమై తెలుగులోకీ వచ్చింది. తెహజీబ్, నఫాసత్, దస్తర్‌ఖాన్, నిజాం వజ్రాలు, ఆయన పొదుపు గురించిన పిట్టకథలు. ఇది చదివినవాడికి హైదరాబాద్ ముస్లిం అంటే హవేలీ పోగొట్టుకున్న జాగీర్దారే. మా నాన్నలు, తాతలు జాగీర్దార్లు కారు. సైకిల్ పంక్చర్లు వేశారు, పరదాలు కుట్టారు, లక్క కరిగించారు, మటన్ కొట్టారు, అచ్చాఫీసుల్లో కంపోజింగ్ చేశారు. పోయిన వైభవాన్ని తలుచుకుని కన్నీరు పెట్టుకునే సాహిత్యంలో వాళ్లకి చోటు లేదు. వైభవం ఉన్నప్పుడూ వాళ్లకి చోటు లేదు.

దీనికి కవల లాంటిది మరొకటుంది. లౌకికవాద మిత్రులు ఎంతో ప్రేమతో చెప్పే మల్కిభరాముడి చూపు. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల్ని ఆదరించాడు. అద్దంకి గంగాధరుడు 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగనార్యుడి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర' అమీన్‌ఖాన్‌కి అంకితం. ఇవన్నీ నిజాలే, మాకు గర్వమే. కానీ సభలో ముస్లిం కనబడగానే ఈ జాబితా చదవడంలో ఒక ఇబ్బంది ఉంది. తెలుగు వాకిట్లో నిలబడటానికి మేము ఒక సుల్తాన్ సిఫారసు చిట్టీ చూపించాలన్నమాట. తెలుగులో మాట్లాడుకునే కూరగాయల బండివాడి సలాం చాలదన్నమాట.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. 2003లో గుణశేఖర్ తీసిన 'ఒక్కడు'కి చార్మినార్ సెట్ వేశారు. కథానాయకుడి ఇల్లు ఆ చార్మినార్ నీడలోనే. నిజం చార్మినార్ దగ్గర రోజుల తరబడి షూటింగ్ చేయడం కష్టమే, ఒప్పుకుంటాం. కానీ ఆ సెట్ ఒక సత్యాన్ని తనకి తెలియకుండానే చెప్పింది. తెలుగు కథకి చార్మినార్ కావాలి, దాని కింద బతికేవాళ్ల కథ అక్కర్లేదు. మిగతా సినిమాల్లో పాతబస్తీ అంటే గూండా, లేదా నవ్వులాటకి వాడుకునే దక్కనీ. 'నక్కో', 'హౌ' అనగానే హాలు నవ్వుతుంది. ఆ రెండు మాటలతో ఇక్కడ పెళ్లిళ్లు కుదురుతున్నాయి, అప్పులు తీరుతున్నాయి, చావులకి ఓదార్పులు జరుగుతున్నాయి. అది ఎవరి చెవికీ ఎక్కదు.

మినహాయింపులు లేకపోలేదు. పరవస్తు లోకేశ్వర్ 'సలాం హైదరాబాద్', 'షహర్ నామా' గల్లీల పేర్లు పట్టుకుని నడిచిన పుస్తకాలు. కాలు నేలమీద పెట్టి రాసిన రాతకీ, కారు అద్దంలోంచి రాసిన రాతకీ తేడా వాటిలో తెలుస్తుంది. అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉండటమే మా ఫిర్యాదు.

ఇక హెరిటేజ్ వాక్. గత రెండు దశాబ్దాల్లో ఇది బాగా పెరిగింది. ఆదివారం పొద్దున్నే అటువైపు నుంచి, అంటే మూసీకి ఉత్తరం నుంచి, ఇంకా చెప్పాలంటే మాదాపూర్, గచ్చిబౌలి నుంచి జనం వస్తారు. చార్మినార్ దగ్గర కలుస్తారు. మెడలో కెమెరా, చేతిలో నీళ్ల సీసా. ముందు నడిచేవాళ్లు ఏ కట్టడం ఏ ఏడాదిదో చెబుతారు: చార్మినార్ 1591, మక్కా మసీదుకి పునాది 1617లో, పూర్తయింది ఔరంగజేబు కాలంలో. నడక చాలాసార్లు చౌమహల్లా దగ్గర ముగుస్తుంది. 2005లో ఆ మహల్‌ని జనానికి తెరిచారు, 2010లో దాని పునరుద్ధరణకి యునెస్కో ఆసియా పసిఫిక్ గుర్తింపు వచ్చింది. తర్వాత ఎక్కడో నహారీ, కుల్చా. తొమ్మిది గంటలకల్లా వాళ్ల కార్లు నయాపూల్ దాటిపోతాయి.

మేము వీటిని తీసిపారేయడం లేదు. వచ్చినవాళ్లలో చాలామంది మంచివాళ్లు. కొందరు జీవితంలో మొదటిసారి మసీదు వరండా చూసేది అప్పుడే. సున్నం డంగు ఎలా వేస్తారో, బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో పలకల మీద రంగులు 1611 నాటివని, 1908 వరదలో కింది పలకలు పాడైతే అక్కడ రంగులేసి సరిపెట్టారని మా పిల్లల్లోనే ఎందరికో తెలియదు. తెలియజెప్పినవాళ్లకి షుక్రియా. అయితే ఒక మాట. ఆ నడకలో గోడకి వయసు ఉంటుంది, గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషికి ఉండదు. గైడ్ కమాన్ వైపు వేలు చూపిస్తున్నప్పుడు, కమాన్ కింద గోనెసంచి పరుచుకుని ఇంకా నిద్రలేవని హమాలీని దాటుకుని అందరూ ఫొటో తీస్తారు. చరిత్ర అంటే రాయి, మనిషి అంటే ఆ రాయికి అడ్డం అన్నట్టుగా సాగుతుంది నడక.

అదే వేళ మా కాళ్లతో నడిస్తే ఏం కనబడుతుంది? చార్మినార్ నుంచి కాదు, పురానాపూల్ నుంచి మొదలుపెట్టండి. ఈ వంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. అంటే షహర్ కంటే వంతెన 13 ఏళ్లు పెద్దది. భాగమతి కోసం యువరాజు వరదలో గుర్రం దూకించాడని, కొడుకు మీద ప్రేమతో తండ్రి వంతెన కట్టించాడని కథ చెబుతారు. 1578 నాటికి మహమ్మద్ కులీ పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు. కథ అందంగా ఉంది కాబట్టి ఎవరూ లెక్క చూడరు. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే వ్యాపార దారికి మూసీ దాటడానికి వంతెన కావాలి, అందుకు కట్టారు అంటే ఎవరికీ గిట్టదు. సరుకు మోసిన బళ్లు, బళ్లు తోలినవాళ్లు ప్రేమకథలోకి రారు. ఇప్పటికీ ఆ వంతెన మీద కూరగాయలు అమ్ముకునేవాళ్లే కూర్చుంటున్నారు. నాలుగున్నర శతాబ్దాలుగా వంతెన పని అదే. మారనిది అదొక్కటే.

వంతెన మీంచి కింద మూసీని చూడండి. 1908 సెప్టెంబర్ 28న ఇదే నది వేల ప్రాణాలు తీసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్పుకుంటారు, ఆ చెట్టు ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉంది. ఇప్పుడు ఆ నది మురుగు. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో నది సుందరీకరణ పేరుతో ఒడ్డునున్న ఇళ్ల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూల్చారు. రెండు బస్తీల పేర్లు చూడండి. ఒకటి మూసా, ఒకటి శంకర్. కూలగొట్టేటప్పుడు ఆ తేడా ఎవరూ పాటించలేదు. ఓట్లప్పుడు మాత్రం పాటిస్తారు.

వంతెన దిగగానే పురానాపూల్ దర్వాజా. నగర ప్రాకారానికి ఉన్న దర్వాజాల్లో మిగిలినవి రెండే: ఇదొకటి, దబీర్‌పురాది ఒకటి. లోపలికి వెళ్తే హుసేనీ ఆలం దాకా గల్లీల పేర్లే ఒక పుస్తకం. మూసా బౌలి, దూద్ బౌలి, ఇంకొంచెం అవతల హరి బౌలి. బౌలి అంటే దిగుడుబావి. పేర్లు మిగిలాయి, బావులు చూపించమంటే చూపించేవాళ్లు దొరకరు. ఆ పేర్లు పలుకుతూ ప్లాస్టిక్ బిందెలు వరసలో పెట్టుకుని నల్లా కోసం నిలబడ్డ ఆడవాళ్లు దొరుకుతారు. బావి పేరున్న బస్తీలో నీళ్లకి కాపలా. దీన్ని మించిన వ్యంగ్యం ఏ కవి రాయగలడు?

శాలిబండ వైపు తిరిగితే అక్కన్న మాదన్నల గుడి. తానాషా దగ్గర మంత్రులుగా పనిచేసి, 1686లో హత్యకి గురైన అన్నదమ్ములు. ఇంకా అవతల లాల్‌దర్వాజా సింహవాహిని గుడి. ఆషాఢంలో బోనాల జాతర, మొహర్రంలో దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం. పాతబస్తీ అంటే ముస్లిం బస్తీ అని రాసేవాళ్లు ఒక్కసారి ఈ దారిలో నడిస్తే గౌలిపురాలో పాలు పితికే చప్పుడు, గుడి గంట, అజాన్ ఒకే గాలిలో వినబడతాయి. వీటిని కలిపి గంగా జమునా తెహజీబ్ అని కొందరు ఒక మాట అనేసి సంతృప్తి పడతారు. మాకు ఆ మాట మీద పెద్ద మోజు లేదు. గంగ, జమున రెండూ ఇక్కడ పారవు. ఇక్కడ పారేది మూసీ. దానిలో అందరి మురుగూ ఉంది, అందరి దాహమూ ఉంది.

హుసేనీ ఆలం దాటి మహబూబ్ చౌక్ గడియారం దగ్గరికి వచ్చేసరికి కొంచెం వెలుగొస్తుంది. 1892లో కట్టిన గడియారం అది. ఆ వేళ అక్కడ తిరిగేవాళ్లు ఎవరు? రొట్టెల బట్టీ దగ్గర చార్‌కోనీ నాన్ కోసం వచ్చిన పిల్లలు. ఉర్దూ పేపర్లు లెక్కపెట్టి సైకిళ్లకి కట్టుకునేవాళ్లు. చౌరస్తాలో తాపీ, పార, బ్రష్ పట్టుకుని కూలీకోసం నిలబడ్డ మేస్త్రీలు, పెయింటర్లు. వాళ్లలో పాలమూరు తెలుగు ఉంటుంది, దక్కనీ ఉంటుంది, ఒడియా ఉంటుంది. బేరం మాత్రం ఒకటే భాష. నల్లని బురఖాలో వడివడిగా పోయే ఆడవాళ్లు. బురఖా కనబడగానే అణచివేత గురించి వ్యాసం రాసే మిత్రులు ఆ అమ్మ ఎక్కడికి పోతోందో అడగరు. ఆమె దవాఖానాలో ఆయా డ్యూటీకి పోతోంది. లేదా ఆ హెరిటేజ్ వాక్ జనం వచ్చిన అపార్ట్‌మెంట్లలోనే గిన్నెలు తోమడానికి, మొదటి బస్సు అందుకోవడానికి పోతోంది. పని లేకుండా ఊరికే షహర్ చూడటానికి తెల్లవారుజామున బయటికి రావడం ఇంకా మగవాడి హక్కే. మా మహల్లాల్లోనూ అంతే, మీ కాలనీల్లోనూ అంతే. మా ఆడవాళ్లు ఈ షహర్‌ని మాకంటే ఎక్కువ నడిచారు. కానీ ఎప్పుడూ ఏదో పనిమీదే నడిచారు. వాళ్లు పని లేకుండా నడిచిన రోజు, ఆ నడక గురించి రాసిన రోజు, మా ఈ వ్యాసం పాతబడిపోతుంది. పాతబడాలనే కోరుకుంటున్నాం.

ఇంకొకరున్నారు. అందరికంటే ముందు లేచి, అందరికంటే ఎక్కువ గల్లీలు తిరిగినవాళ్లు. పొడుగు చీపుళ్లతో రోడ్లూడ్చే దళిత స్త్రీలు. ఏ గల్లీ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ ఇంట్లో రాత్రి పెళ్లయిందో, ఏ దుకాణం మూతబడిందో చెత్తని చూసి చెప్పగలరు. ఈ షహర్‌కి నిజమైన చరిత్రకారులు వాళ్లే. వాళ్ల పేరుతో ఒక్క గల్లీ కూడా లేదు.

మెచ్చుకోలుకి పనికిరాని సంగతులూ ఆ వేళే బయటపడతాయి. వాటినీ చెప్పాలి. లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చేతిపనికి దక్కిన గౌరవం అది. కానీ 2015 జనవరిలో ఇదే పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి వందలమంది బిహారీ పిల్లల్ని పోలీసులు విడిపించారన్న సంగతి కూడా ఆ గుర్తింపు పక్కనే రాసుకోవాలి. ఇరుకు గదుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా అద్దం ముక్కలు అతికించిన ఆ పిల్లలు చాలామంది మా మతం వాళ్లే. పని చేయించుకున్నవాళ్లలోనూ మా మతం వాళ్లున్నారు. మజ్లిస్ మైకులో సమాజం, ఖౌమ్ అని గొంతు చించుకునేవాళ్లకి ఖౌమ్‌లోనే యజమాని, కూలీ ఉన్నారన్నది గిట్టదు. బయటి చూపుని విమర్శించే హక్కు మాకు ఉండాలంటే, లోపలి గదుల తలుపులూ మేమే తెరవాలి.

ఇప్పుడు అదే వేళ అదే గల్లీల్లో నడిచే మూడోవాళ్ల గురించి. 2014 ప్రాంతం నుంచి హైదరాబాద్‌లో కార్డన్ సెర్చ్ అనేది మామూలు మాట అయింది. రాత్రో తెల్లవారుజామునో వందలమంది పోలీసులు ఒక బస్తీని చుట్టుముడతారు. తలుపులు కొడతారు, ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడుగుతారు. ఇది పేద బస్తీలన్నిటా జరిగింది, ఒక్క పాతబస్తీలోనే కాదు. కానీ బంగళాలున్న కాలనీల్లో జరగలేదు. చబుత్రాల మీద రాత్రిపూట కూర్చున్న కుర్రాళ్లని పట్టుకెళ్లి తల్లిదండ్రుల్ని పిలిపించి నీతులు చెప్పే కార్యక్రమానికి చబుత్రా అనే మాటనే పేరుగా పెట్టారు. చబుత్రా అంటే అరుగు. ఇల్లు ఒక గదైనప్పుడు అరుగే మగపిల్లలకి రెండో గది. ఆ సంగతి పోలీసుకి ఎవరు చెప్పాలి? 2021 మేలో ఒక సామాజిక కార్యకర్తని పాతబస్తీ రోడ్డు మీద ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీశారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన హైకోర్టుకి వెళ్లాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

ఒకే గల్లీ, ఒకే వేళ. కెమెరా ఉన్నవాడు అటువైపు నుంచి వచ్చినవాడైతే గోడని ఫొటో తీస్తాడు. ఖాకీ వేసుకున్నవాడైతే మా ముఖాన్ని ఫొటో తీస్తాడు. మాకు మాత్రం మా షహర్‌ని తీరిగ్గా చూసుకునే వ్యవధి లేదు. టోపీ పెట్టుకున్న పాతికేళ్ల కుర్రాడు, గడ్డం ఉన్నవాడు, చేతిలో పనిముట్టు లేకుండా, ఊరికే తలెత్తి మినార్లు చూసుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ నడిస్తే ఏమవుతుందో మా ఇళ్లలో తల్లులకి తెలుసు. అందుకే నమాజ్ కాగానే తిన్నగా ఇంటికి రమ్మంటారు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. అందులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 గురు చనిపోయారు. చనిపోయింది మేము, పట్టుకుపోయిందీ మమ్మల్నే. పదులకొద్దీ యువకుల్ని తీసుకెళ్లారు, కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. తర్వాత వేరే నిందితుల మీద నడిచిన కేసులో 2018 ఏప్రిల్‌లో వాళ్లూ విడుదలయ్యారు. చేసిందెవరో తేలలేదు. తేలినదల్లా ఒకటే. ఈ షహర్‌లో ముస్లిం యువకుడి నడకకి ఎప్పుడూ ఒక కారణం చూపించాలి.

సరిగ్గా పద్దెనిమిదేళ్ల తర్వాత అదే తేదీన, ఆ మసీదుకి నడిచిపోయేంత దూరంలో మరొకటి జరిగింది. 2025 మే 18, ఆదివారం. ఉదయం ఆరు గంటల ప్రాంతం. గుల్జార్ హౌజ్ చౌరస్తా దగ్గర పాత భవనం ఒకటి. కింద నగల దుకాణాలు, పైన వ్యాపారి కుటుంబం కాపురం. మంటలు లేచాయి. పైకి పోవడానికి ఇరుకు మెట్లదారి ఒక్కటే. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. మొదట పరుగెత్తి చేరినవాళ్లలో ఫజర్ నమాజ్ ముగించుకున్న ముస్లిం యువకులు, చార్మినార్ దగ్గర గాజులమ్మేవాళ్లు ఉన్నారు. షట్టర్ విరగ్గొట్టారు, గోడ పగలగొట్టి పొగలోకి దూరారు. కాపాడాలని చూశారు, చాలామందిని కాపాడలేకపోయారు.

మర్నాడు పత్రికలు దీన్ని మత సామరస్యానికి ఉదాహరణగా రాశాయి. ఆ రాతలో చెడు ఉద్దేశం లేదు. కానీ మేము ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఆ యువకులు ఆ వేళ అక్కడ ఎందుకు ఉన్నారు? సామరస్యం చాటడానికి రాలేదు. వాళ్లు రోజూ ఆ వేళ ఆ దారినే నడుస్తారు కాబట్టి ఉన్నారు. ఏ మెట్లదారి ఎక్కడుందో, ఏ గోడ పల్చనో, పైన ఎంతమంది ఉంటారో వాళ్లకి తెలుసు. ఎవరూ వాళ్లకి హెరిటేజ్ చెప్పలేదు, కాళ్లు చెప్పాయి. ముందురోజు అదే వేళ అదే చౌరస్తాలో ఆ కుర్రాళ్లని ఆపి ఫొటో తీయదలిస్తే తీయగలిగి ఉండేవాళ్లు. మర్నాడు వాళ్లు ఆదర్శం అయ్యారు. అనుమానితుడికీ ఆదర్శానికీ మధ్య మామూలు పొరుగువాడు అనే మనిషి ఒకడుంటాడు. మా గురించిన రాతల్లో లేనివాడు అతనే. అతను పొరుగింటి మనిషికోసం నిప్పులోకి పోతే వార్త. పొరుగింటివాడికి మూడొందల అరవై రోజులు సలాం చెబితే వార్త కాదు. సాహిత్యం వార్తకంటే కొంచెం ఎక్కువ చూడాలి కదా?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చినప్పుడు తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది. ఎందుకు పరాయివాళ్లుగా చూస్తున్నారని మా ముందువాళ్లు గట్టిగా అడిగారు. ఆ గొంతు లేకపోతే మేము లేము. ఆ ప్రశ్న ఇంకా తీరలేదు కూడా. కానీ ప్రశ్న పక్కన ఇప్పుడు జాగా కావాలి. ఏ గల్లీ, ఏ బౌలి, ఏ కార్ఖానా, రోజుకి ఎంత కూలీ, నెలకి ఎంత కిరాయి. ముస్లిం అనే మాట వెనక నిలబడ్డ మనిషికి ఒక చిరునామా కావాలి. చిరునామా లేని బాధని ఎవరైనా సానుభూతితో తల పంకించి పక్కన పెట్టేయగలరు.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, నడవడానికి గల్లీలే మిగలకుండా పోతున్నాయి. కట్టడాల రక్షణకి ఉన్న పదమూడో నిబంధనని 2015 డిసెంబర్‌లో తీసేశారు. ఉస్మానియా దవాఖానా పాత భవనాన్ని 2020లో మూసేశారు. కొత్తదానికి 2025 జనవరిలో గోషామహల్‌లో పునాది వేశారు. షహర్ మిగతా దిక్కులకి ఎప్పుడో తిరిగిన మెట్రో పాతబస్తీకి మాత్రం అప్పుడు రాలేదు. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల దారి కోసం 2025లో దారుల్‌షిఫా, శాలిబండ దారిలో ఇళ్లు, దుకాణాలు కూల్చడం మొదలైంది. మెట్రో వద్దని మేము అనడం లేదు. మొదటి బస్సుకోసం నిలబడే ఆ బురఖా అమ్మకి మెట్రో కావాలి. కానీ కూలినవాటిలో ఎవరి అరుగు ఎక్కడుండేదో రాసిపెట్టే బాధ్యత ఎవరిది? మసీదు, ఆషూర్‌ఖానా, గుడి తప్పించి గీత గీస్తారు, మంచిదే. నాన్ బట్టీకీ, పంక్చర్ దుకాణానికీ ఆ మినహాయింపు లేదు. అవి కూలితే ఫొటోలు కూడా మిగలవు, ఎందుకంటే ఫొటోలు తీసేవాళ్లు ఎప్పుడూ వాటి వెనకున్న కమాన్‌ని తీశారు.

అందుకని మా వయసు పిల్లలకి, రాసే అలవాటున్నవాళ్లకి మేము చెప్పేది ఇంతే. వారానికి ఒక్కరోజు ఫజర్ తర్వాత ఇంటికి తిన్నగా పోవద్దు. ఒక బౌలి పేరు పట్టుకుని పోండి. ఒంటరిగా కాదు, ముగ్గురో నలుగురో కలిసి పోండి, చెల్లెళ్లనీ వెంటబెట్టుకుని పోండి. చార్మినార్ ఎత్తు ఎంతో ఎక్కడైనా దొరుకుతుంది. లక్క కరిగించేవాడి అరచేయి చూడండి. చీపురు పట్టుకున్న అమ్మని అమ్మా అని పిలిచి, ఆ గల్లీ సంగతి అడగండి. రాసుకొచ్చి తెలుగులో రాయండి. ఉర్దూ మా అమ్మీల భాష, దాన్ని వదులుకోం. కానీ మమ్మల్ని చూడని చూపు తెలుగులో ఉంది, కాబట్టి జవాబూ తెలుగులోనే ఉండాలి.

లౌకికవాద మిత్రులకీ ఒక మాట. మీరూ రండి. ఆదివారం కాదు, మామూలు మంగళవారం రండి. మీ చేతిలో కెమెరా ఉంటే ఉండనివ్వండి, ముందు సలాం చెప్పి ఆ తర్వాత తీయండి. మల్కిభరాముడి గురించి తర్వాత మాట్లాడుకుందాం. నల్లా ఇంకా రాలేదు, బిందెల వరస పెద్దగా ఉంది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.